మద్రాసు వైపు నిలబడ్డ మావయ్య

మావయ్య పోయిన వార్త నాకు ముక్కలు ముక్కలుగా చేరింది. పొద్దున్నే ఫోన్ మోగింది. చేసింది ఆయన కొడుకు. "వదినా, నాయన..." అన్నాడు, లైను తెగిపోయింది. మళ్ళీ మోగింది. "తెల్లవారుతా ఉండంగా..." అన్నాడు, మళ్ళీ తెగింది. కోవూరులో మా ఇంటి లోపల సిగ్నల్ ఎప్పుడూ అంతంత మాత్రమే. నాకు విషయం అర్థమైపోయింది. కానీ అర్థమైందని వాడికి చెప్పాలన్నా మిద్దె ఎక్కాల్సిందే. నొప్పుల మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి, మాట స్పష్టంగా వినపడేదాకా ఇటు తిరిగి, అటు తిరిగి, చివరికి ఓ మూల దొరికాక అక్కడే కదలకుండా ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది. మావయ్యే ఉండి నన్ను ఆ అవతారంలో చూసుంటే, "ఇంకొంచెం దక్షిణానికి తిరుగు పాపా, ఇంకా బాగా వచ్చుద్ది" అని ఉండేవాడు.

ఆయన కోసం చర్చిలో జరిపిన ఆదరణ కూడికలో చాలామంది మాట్లాడారు. క్రమశిక్షణ గల మనిషన్నారు. ఎందరో పిల్లల్ని ఆటల్లో తీర్చిదిద్దాడన్నారు. ఆదివారం ఆరాధనకు ఏనాడూ ఆలస్యంగా రాలేదన్నారు. అన్నీ నిజమే. కానీ యాంటెన్నా ఊసు ఒక్కరూ ఎత్తలేదు. చనిపోయిన మనిషి దగ్గర మర్యాద కాదని మానుకున్నట్టున్నారు. నాకు ఆ మర్యాద తక్కువ కాబట్టి ఇది రాస్తున్నాను.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. తోటపల్లి గూడూరు పక్కన, సముద్రం హోరు వినపడే ఊళ్ళో హైస్కూలు డ్రిల్ మాస్టారు. మెళ్ళో విజిల్ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ. పెళ్ళి ఫోటోలో కూడా పూలదండ కింద విజిల్ తాడు కనబడుతుంది. ఇంట్లో అన్నం ఉడికిందా అని అడగడానికి కూడా ఒకసారి ఊదేవాడు. అత్త వంటింట్లోంచి, "నేనేమన్నా కబడ్డీ ఆడతా ఉండానా?" అని కసిరేది. అప్పుడు నేను టీచర్ ట్రైనింగ్ ముగించి, పోస్టింగ్ కోసం ఎదురుచూస్తున్నాను. ఖాళీగా ఉంటే పిల్లకు తోచదని మా అమ్మ నన్ను తమ్ముడింటికి పంపింది. ఆ ఇంట్లో తోచకపోవడం అనేది ఎవరివల్లా అయ్యే పని కాదు.

అత్తది తడ. కోపమొస్తే ఆమె మాట సరిహద్దు దాటి అరవంలోకి వెళ్ళిపోయేది. "పోదుం, పోదుం" అందంటే చాలు, ఇక నోరు మూయమని అర్థం. వాళ్ళమ్మ చిన్నతనంలోనే పోతే, చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది అత్తే. జడలేసింది, బడికి పంపింది, పాటలు నేర్పింది. ఆ చెల్లెలు పెద్దదై మద్రాసులో కాలేజీలో చేరింది. ఆ ఏడు తడలో ఒక పెళ్ళిలో కలిసినప్పుడు ఆ అమ్మాయి సంబరంగా చెప్పింది. వాళ్ళ కాలేజీ గాయక బృందం పాడిన క్రిస్మస్ పాటలను, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం మద్రాసు టీవీలో చూపిస్తారట. రికార్డింగు కూడా అయిపోయిందట. అందులో ఒక చరణం తను ఒక్కతే పాడిందట.

తిరుగు ప్రయాణంలో అత్త బస్సు కిటికీ పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "మా ఊళ్ళో వాళ్ళందరూ చూస్తారు. పెంచిందాన్ని నేను చూడలేను" అంది. మావయ్యకు ఆడవాళ్ళను ఓదార్చడం రాదు. ఆయనకు వచ్చింది ఒక్కటే, ప్రకటన చెయ్యడం. నడుస్తున్న బస్సులో లేచి నిలబడి, పైన కడ్డీ పట్టుకుని, కండక్టరుకు కూడా వినపడేలా అన్నాడు. "క్రిస్మస్ ముందురోజు నీ చెల్లెల్ని మనింట్లో, మన నట్టింట్లో చూపించకపోతే నేను డ్రిల్ మాస్టర్నే కాదు." కండక్టరు, "అట్టాగే సార్, ముందు కూర్చోండి" అన్నాడు. అప్పటికి మా ఇంట్లో టీవీ లేదన్న సంగతి మా ముగ్గురికే తెలుసు.

టీవీ వచ్చింది. నలుపు తెలుపు టీవీ, చెక్క తలుపులున్నది. పెట్టెలోంచి తీసి స్విచ్చి వేస్తే, చేపకు పట్టించడానికి ఉప్పు చల్లినట్టు గలగలా చుక్కలు కనిపించాయి. అత్త చాలాసేపు ఆ చుక్కల్నే చూసి, "ఇందులో మా చెల్లెలు యాడుంది?" అంది. ఆ రోజుల్లో మా వైపుకు దగ్గరలో టవరేదీ లేదు. అందితే మద్రాసు అందాలి, అదీ ఎత్తయిన యాంటెన్నాకు, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. "టీవీ కొనేది ఎవుడైనా కొంటాడు. బొమ్మ తెప్పించాలంటే మొండోడు కావాల" అని మావయ్య చేతులు దులుపుకుని లేచాడు.

యాంటెన్నా ఎంచుకోవడానికి నెల్లూరుకు నన్నూ తీసుకెళ్ళాడు, చదువుకున్న పిల్ల పక్కనుంటే షాపువాడు మోసం చెయ్యడని. షాపులో యాంటెన్నాలు గోడకు వరసగా వేలాడుతున్నాయి. కడ్డీలు తక్కువున్నవి, ఎక్కువున్నవి, పొట్టివి, పొడుగువి. మావయ్య ఒక్కోదాన్నీ వేలితో కొట్టి, గిన్నెలు కొనేటప్పుడు విన్నట్టు చెవి పెట్టి విన్నాడు. షాపాయన ఓపిక ఉన్న మనిషి. "సార్, మీది సముద్రం పక్క. మద్రాసు దూరం. పొడుగు కడ్డీలది తీసుకోండి. ఇదిగో, ముందున్న కడ్డీలు బొమ్మను పిలుస్తాయి. మధ్యలోది పట్టుకుంటది. ఎనకుండే పొడుగుది పారిపోకుండా అడ్డం నిలబడద్ది" అన్నాడు.

మావయ్య కళ్ళు వెలిగాయి. "అంటే కబడ్డీ జట్టు!" అన్నాడు. ఇక బేరం లేదు, ఆలోచన లేదు, ఆ పెద్దదే కావాలన్నాడు. ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టాడు. ఇనప బోల్టులు సముద్రపు గాలికి ఒక్క వానాకాలం కూడా ఆగవు, ఇత్తడివి కావాలన్నాడు. షాపులో లేవు. తుప్పు పట్టకుండా రాసుకోమని మావయ్య చేతిలో గ్రీజు డబ్బా పెట్టి పంపారు. ఆ తర్వాత మావయ్య జీవితంలో గ్రీజు మరక లేని చొక్కా నేను చూడలేదు.

యాంటెన్నాను బస్సు పైన వేసుకుని వచ్చాం. దారిలో చింతకొమ్మలు తగిలినప్పుడల్లా మావయ్య కిటికీలోంచి తల బయట పెట్టి చెట్లను తిట్టాడు. ఊళ్ళో దిగగానే జనం మూగారు. చేపలెండేసే కొత్తరకం దండెమా అని ఒకామె అడిగింది. ఆ ప్రశ్నను అప్పుడు తేలిగ్గా తీసుకున్నాం.

గడ కోసం ఇనప గొట్టం తెద్దామా, సర్వి బాదు, అదే సరుగుడు కర్ర, తెద్దామా అని రెండు రోజులు చర్చ. గొట్టం తుప్పు పడుతుంది, బాదు వంగుతుంది. చివరికి రెండు సర్వి బాదుల్ని కలిపి కట్టి, మిద్దె మీద నిలబెట్టి, మూడు వైపులా తాళ్ళు లాగి మేకులకు కట్టాలని తేలింది. మా గుడి, అదే చర్చి, యువకుల్ని పిలిచి, తాడు లాగే పోటీలాగా జట్లు విడదీసి, మావయ్య విజిల్ ఊదాడు. ఒక జట్టు మరీ ఉత్సాహంగా లాగేసరికి గడ పక్కింటి దొడ్లో పడింది. ఆ జట్టు గెలిచినట్టు చప్పట్లు కూడా కొట్టుకుంది. రెండోసారి నిలబడింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. మద్రాసు ఏ వైపు? అది ప్రశ్నే కాదన్నట్టు అక్కడున్న వాళ్ళందరూ ఒక్కసారిగా చెయ్యెత్తి నెల్లూరు వైపు చూపించారు. నేను కూడా. మా ఊరి నుంచి ఎవరు మద్రాసు పోవాలన్నా ముందు బస్సెక్కి నెల్లూరు పోవాలి, అక్కడ మారాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మద్రాసు అంటే పడమటి బస్సే. కాబట్టి యాంటెన్నాను పడమటికి తిప్పాం. చుక్కలొచ్చాయి. బాగా బిగించి మళ్ళీ పడమటికి తిప్పాం. చుక్కలే. గడ పొడవు పెంచాం. తీగ మార్చాం. మావయ్య మిద్దె మీద, నేను కిటికీ దగ్గర, అత్త టీవీ ముందు. "వచ్చిందా?" "రాలేదు!" "ఇప్పుడు?" "రాలేదు!" సముద్రపు గాలికి మాటలు పోతున్నాయని విజిల్ భాష కూడా పెట్టాం. ఆ వారమంతా ఊళ్ళో కుక్కలు సరిగా నిద్రపోలేదు. మావయ్య ఓ రోజు దిగివచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "బొమ్మ వస్తే దేవుడి దయ. రాకపోతే బోల్టు తప్పు" అని తనకు తానే చెప్పుకుని, మళ్ళీ గ్రీజు డబ్బా పట్టుకుని ఎక్కాడు.

సంగతి తేల్చింది అత్త. బట్టలు ఆరేయడానికి మిద్దె ఎక్కి, యాంటెన్నానీ సముద్రాన్నీ మార్చి మార్చి చూసింది. "ఏమండీ, మా ఊళ్ళో మద్రాసు పక్కకు తిరిగి నిలబడితే సముద్రం ఎడం చేతికి ఉంటాది. మీరు వీపుకు పెట్టినారేంది?" అంది. మావయ్య మెల్లగా తన ఎడం చెయ్యి సముద్రం వైపు చాపి, అలా చాపిన చేత్తోనే ఒంటిని తిప్పి, ముక్కు ఎటుందో చూసుకున్నాడు. దక్షిణం. ఊరంతా కలిసి వారం రోజులు యాంటెన్నాను నెల్లూరు బస్టాండుకు గురిపెట్టి ఉంచామన్నమాట.

తిప్పగానే బొమ్మ వచ్చింది. ఒకాయన కొబ్బరిచెట్లకు వచ్చే తెగులు గురించి అరవంలో చెబుతున్నాడు. ఇల్లంతా నోరు తెరుచుకుని చూశాం. మావయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, చివరి వరకూ చేతులు కట్టుకుని నిలబడి, "ఎంత బాగా చెప్పినాడు మే!" అన్నాడు. అత్త కళ్ళు తుడుచుకుంది. కొబ్బరి తెగులుకు కన్నీళ్ళు పెట్టుకున్న మనిషిని నేను ఆమె ఒక్కదాన్నే చూశాను.

ఇక క్రిస్మస్ దాకా ఆగడమే అనుకున్నాం. కాకులు ఆగనిస్తేగా. వాన తెరిపిచ్చిన రోజున అత్త అలవాటు ప్రకారం మిద్దె మీద వంజరాలు, సావళ్ళు లాంటి చేపలు ఎండేసింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఎండేస్తున్నదే. కానీ ఇంతకుముందు కాకులకు కూర్చోవడానికి చోటు లేదు. ఇప్పుడు వాటికి గ్యాలరీ కట్టించి ఇచ్చాం. వరసగా కడ్డీల మీద వాలి, కింద చేపలు చూసుకుంటూ, బరువుకు యాంటెన్నాను మెల్లగా ఉత్తరానికి తిప్పేవి. చేపా, చెల్లెలా అని ఇంట్లో తగవొచ్చింది. మావయ్య విజిల్ ఊదితే మొదట్లో కాకులు లేచేవి. తర్వాత అలవాటు పడి, ఊదిన వైపు తల తిప్పి చూసి ఊరుకునేవి. "బళ్ళో పిల్లలు నయం" అన్నాడు మావయ్య. అత్త చివరికి ఎండుచేపల పళ్ళెం దించేసింది. "పులుసు లేకుంటే చావం. నా బిడ్డ మొహం చూడకుంటే చస్తా" అంది. చెల్లెల్ని బిడ్డ అనడం అప్పుడే విన్నాను. ఎండుచేప లేకుండా ముద్ద దిగని మనిషి మావయ్య, ఆ నెలంతా పప్పుచారు తిని కిక్కురుమనలేదు.

మరో చిక్కు మా గుడి పాస్టరు అయ్యగారి నుంచి వచ్చింది. యాంటెన్నా గుడి మీది సిలువ కంటే ఎత్తుందని ఆయనకు మనసులో ముల్లు. పైగా క్రిస్మస్ కూటాలకు వాక్యం చెప్పడానికి వేరే జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "ఎత్తయిన సిలువ కనబడద్ది, అదే" అని బస్టాపులో ఎవరో చెబితే నేరుగా మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పి, లోపలికి వచ్చి, టీవీ చెక్క తలుపుల ముందు కళ్ళు మూసుకుని మోకరించాడు. మేం ముగ్గురం ఏం చెయ్యాలో తెలియక ఆయన వెనకాల మోకరించాం. ప్రార్థన అయ్యాక మావయ్య కాఫీ ఇచ్చి, ఎలాగూ వచ్చారు గదా అని కిటికీ దగ్గర తీగ పట్టుకోమన్నాడు. అయ్యగారు ఆ సంగతి తెలిసి వారం పాటు మావయ్యతో మాట్లాడలేదు. అయినా క్రిస్మస్ ముందురోజు సాయంత్రం అందరికన్నా ముందు వచ్చి, ముందు కుర్చీలో కూర్చుంది ఆయనే.

ఇక్కడ ఒక మాట. తర్వాత మా ఊళ్ళకు కేబుల్ వచ్చింది, గొడుగు యాంటెన్నాలొచ్చాయి, ఇప్పుడు అరచేతిలోనే అన్నీ. మావయ్య ఏదీ కాదనలేదు, అన్నీ పెట్టించుకున్నాడు, కానీ దేన్నీ గౌరవించలేదు. గొడుగును చూపించి, "ఆకాశం పక్కకు నోరు తెరుచుకోని పడుంటే ఏదో ఒకటి పడద్ది. దాంట్లో పనితనమేముంది?" అనేవాడు. నాకు ఉద్యోగం వచ్చాక, పెళ్ళయ్యాక, కష్టమొచ్చి ఆయన దగ్గర కూర్చున్న ప్రతిసారీ ఓదార్పు మాటలు చెప్పలేదు. లేచి చొక్కా చేతులు మడిచి, "పద, ఏం చెయ్యాలో చూద్దాం" అనేవాడు. నా జీవితంలో నాకు దొరికిన పెద్ద సాయం ఆ ఒక్క మాటే. అది ఆయన బతికుండగా చెప్పాను, ఆయన సిగ్గుపడి పశువుల గురించి మాట్లాడాడు.

క్రిస్మస్ ముందురోజు పొద్దుటి నుంచే ముసురు. తూర్పు గాలి. సాయంత్రానికి గుడి వాళ్ళు, వీధి వాళ్ళు, కొబ్బరి తెగులు అభిమానులు, అందరూ వచ్చేశారు. అత్త పట్టుచీర కట్టుకుని, గులాబీ పువ్వులనే పిండివంట పళ్ళెం పట్టుకుని, ఎవరికీ పెట్టకుండా అలాగే నిలబడిపోయింది. వార్తలు వస్తున్నాయి, బొమ్మ ముత్యంలా ఉంది. తర్వాత కార్యక్రమం మాదే.

అప్పుడే పైన ఏదో ఫట్‌మంది. బొమ్మ వంగింది, సాగింది, చుక్కలైపోయింది. సముద్రం వైపు తాడు తెగింది.

మావయ్య నిచ్చెన వైపు నడిచాడు. అత్త పళ్ళెం నా చేతిలో పెట్టి ఆయన చెయ్యి పట్టుకుంది. "వద్దండీ. మిద్దె జారుడుగా ఉండాది. పోదుం. దాన్ని ఎప్పుడైనా చూసుకుంటా. మిమ్మల్ని యాడ తెచ్చుకునేది?" అంది. అంతమంది ముందు ఆమె అలా అనడం వాళ్ళిద్దరికీ కొత్తే. మావయ్య చెయ్యి విడిపించుకుని, "నువ్వు టీవీ ముందుకు పో. నువ్వు చూడకపోతే నేను ఎక్కి లాభమేంది?" అని ఎక్కేశాడు.

కొత్త తాడు కట్టే వ్యవధి లేదు. ఆయన గడను రెండు చేతులతో కావిలించుకుని, ఒంటి బరువంతా వేసి దక్షిణానికి తిప్పి పట్టుకున్నాడు. బొమ్మ వచ్చింది. పట్టు సర్దుకోవడానికి కాస్త వదిలాడు. పోయింది. మళ్ళీ కావిలించుకున్నాడు. వచ్చింది. "కదలబాకు మావయ్యా!" అని కిటికీలోంచి అరిచాను. అంతే, తెగిన తాడు స్థానంలో మావయ్య ఖాయమయ్యాడు.

తెర మీద తెల్లచీరల అమ్మాయిలు వరసగా నిలబడ్డారు. "మొదలైందా?" పైనుంచి. "మొదలైంది!" "కనబడతా ఉందా?" "ముందు వరసే!" "చిక్కిందా?" ఇంట్లో అందరూ నవ్వారు. "లేదు మావయ్యా!" "పక్కనోళ్ళ చీరలు ఏం రంగు?" "టీవీ బ్లాక్ అండ్ వైట్ మావయ్యా!" "ఓ, అవును గదా!" అన్నాడు. అయ్యగారు చేత్తో ఉష్ అన్నారు. అత్త చెల్లెలు ఒక్క అడుగు ముందుకు వేసింది. పాడింది. అత్త టీవీకి అంత దగ్గరగా నిలబడింది గనుక వెనకాల వాళ్ళకు చాలామందికి అత్త జడే కనిపించింది. ఒక్కరూ పక్కకు జరగమనలేదు. "ఇది నేను నేర్పిందే" అని మాత్రం అత్త ఒక్కసారి అంది. చరణం అయిపోయింది, ఆ పిల్ల వెనక్కి జరిగింది. పైనుంచి, "పాడిందా?" అన్నాడు. గాలికి ఆయనకు పాటలో ఒక్క అక్షరం వినపడలేదని అప్పుడు అర్థమైంది.

కార్యక్రమం అయిపోయాక టీవీ కట్టేశాం. అయ్యగారు ప్రార్థన చేశారు, చాలా పొడుగుది. అందులో "ఎత్తయిన స్థలములందు సేవచేయు వారిని" కూడా జ్ఞాపకం చేసుకున్నారు, కానీ ఆ ఎత్తయిన స్థలంలో ఉన్న మనిషిని దిగమని చెప్పడం ఎవరికీ జ్ఞాపకం రాలేదు. గులాబీ పువ్వులు పంచాం, జనం గొడుగులు వెతుక్కున్నారు. అత్త కనపడక బయటికి వచ్చాను.

ఆమె నిచ్చెన దగ్గర చినుకుల్లో నిలబడి ఉంది. "అయిపోయింది, దిగండి" అంది. ఆయన దిగలేదు. "ఎట్ట పాడింది? అది చెప్పు ముందు" అన్నాడు. "బాగా పాడింది." "బాగా అంటే? ఎట్ట?" అత్తకు చెప్పడం రాలేదు. ఇటూ అటూ చూసింది, నన్ను చూడలేదు. గుడిలో కూడా పెదవులు కదపడమే తప్ప పాడితే ఆమె గొంతు ఎలా ఉంటుందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. తల పైకెత్తి, చెల్లెలు పాడిన చరణాన్ని మొదటి నుంచి పాడటం మొదలుపెట్టింది.

గాలి అప్పటికి తగ్గింది. పైన పట్టుకోవాల్సిన పని ఇక లేదు, టీవీ ఎప్పుడో కట్టేశాం. అయినా మావయ్య గడను రెండు చేతులతో కావిలించుకుని, తడిసిన చొక్కాతో, మొహం మద్రాసు వైపే పెట్టి, తను కదిలితే అత్త గొంతు ఎక్కడ తెగిపోతుందో అన్నట్టు, ఆ పాట అయిపోయేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.